వెనుక చక్రం తూకం

ధర్మవరంలో పట్టునూలు తూచి ఇచ్చి, నేసిన చీరను తూచి తీసుకొనే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అయినా రత్నమ్మ తూచినంత నిదానంగా తూచే మనిషి ఆ వీధిలో మరొకరు లేరని ఆమె వద్ద నేసేవాళ్ళే ఒప్పుకొంటారు. భర్త అమర్‌నాథ్ పోయిన తరువాత, పదకొండేళ్ళుగా, పద్నాలుగు మగ్గాలకు ఆమే నూలు ఇస్తున్నది. ఇచ్చిన పడుగెంత, పేకెంత, జరీ ఎంత, వచ్చిన చీర ఎంత, మిగిలిన నూలెంత, ఇవన్నీ ఒకదానికొకటి సరిపోతే నేతగాడికి చల్లని మజ్జిగ దొరుకుతుంది. సరిపోకపోతే కూర్చోవడానికి చాప కూడా దొరకదు.

అటువంటి రత్నమ్మ ఒక బుధవారం ఉదయం మోటారుసైకిలు చక్రాలను తూచడానికి పూనుకొన్నదంటే దానికి తగిన కారణం ఉండే తీరాలి.

కారణం కొడుకు సుధాకర్. ముప్పయి రెండేళ్ళవాడు. కొండలమీద, బండలమీద, ఏటి ఇసుకలో నడపడానికే తయారైన బండి ఒకటి అతనికి ఉన్నది. లోకమంతా దానిని డర్ట్ బైక్ అంటుంది. రత్నమ్మ మాత్రం బొడిపెల టైర్ల బండి అంటుంది. శని ఆదివారాలలో బెంగళూరు నుండి వచ్చే యువకులను సుధాకర్ పెనుకొండ చుట్టుపక్కల గుట్టలపైకి తీసుకొనిపోయి, బండ్లు తోలించి, దించుకొని వస్తాడు. ఆ వచ్చేవాళ్ళ సంఖ్య పెరిగింది. అందుచేత పెనుకొండలోనే ఒక గది తీసుకొని, హిందూపురంలో టైర్ల అంగడి నడుపుతున్న రఫీక్ అనే స్నేహితుడితో కలిసి, బండ్లు అద్దెకిచ్చి బాగుచేసే దుకాణం పెట్టాలని అతని ఆలోచన. పెట్టుబడి ఆరు లక్షలు. అది రత్నమ్మ ఇవ్వవలసినది. గదికి అడ్వాన్సు కట్టడానికి గడువు గురువారం, అనగా మరునాడే.

రత్నమ్మ ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. రఫీక్‌ను ఆమె చూడలేదు. అతని గురించి ఆమెకు తెలిసిన విషయం ఒక్కటే, అది కూడా మంచిది కాదు. ఆ సంవత్సరంలో సుధాకర్ మూడుసార్లు టైర్లు మార్పించుకొన్నాడు. టైర్ల ధర వేరు. పాతవి తీసి కొత్తవి ఎక్కించినందుకే ప్రతిసారి పన్నెండు వందలని చెప్పి ఆమె వద్ద తీసుకొన్నాడు. ఆమె కూరగాయలకు పోయినప్పుడు బజారులోని పంక్చరు అంగడి ముందు నిలబడి వాకబు చేసింది. మోటారుసైకిలు టైర్లు రెండూ మార్చడానికి అక్కడ మూడు వందలు. స్నేహితుడి వద్దనే నాలుగింతలు గుంజుకొనేవాడు, రేపు భాగస్థుడైన తరువాత ఏమి మిగల్చగలడు?

ఆ దుకాణానికి గాలి పట్టే కంప్రెసరు బేరం చేయడానికి సుధాకర్ సోమవారమే బెంగళూరు వెళ్ళాడు. కొత్తగా వచ్చిన టైర్ల జత వసారాలో ఉన్నది. కొత్త నేతగాడికి పెద్ద చీర అప్పగించే ముందు చిన్న పని ఇచ్చి చూడడం ఆమె పద్ధతి. రఫీక్‌ను కూడా అలాగే చూడాలని, తానెవరో చెప్పకుండా చూడాలని నిశ్చయించుకొన్నది.

ముప్పయ్యేళ్ళుగా ఆ ఇంటి మగ్గంమీద నేస్తున్న శ్రీరాములు, మగ్గం బాగుచేసే పానాలతోనే, చక్రాలు రెండూ విప్పాడు. నూలు సంచులను తగిలించి తూచే చిన్న కొక్కెం కాటాకు ఆమె వాటిని వేలాడదీసింది. వెనుక చక్రం పదమూడు కిలోల నాలుగువందల అరవై గ్రాములు. దానికి వేయవలసిన కొత్త టైరు అయిదు కిలోల నూట ఇరవై. ముందు చక్రం అంకెలు కూడా కాగితంమీద వ్రాసుకొని, ఆ కాగితాన్నీ కాటానూ చేతిసంచిలో పెట్టుకొన్నది.

పది గంటల రైలులో శ్రీరాములు చక్రాలనూ కొత్త టైర్లనూ తలుపు వద్ద నిలబెట్టి, కాలు అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు.

"అక్కా, వీటికి కూడా టికెట్టు అడుగుతారేమో."

"అడిగితే అవి కూర్చుంటాయి, నువ్వు దిగి నడిచి రా."

పెనుకొండ వద్ద కొండ కిటికీలో నిండుగా కనిపించింది. నల్లని బండలు, వాటి నడుమ ముళ్ళకంపలు. నడిచేంత నిదానంగానే తోలుతామని సుధాకర్ ఆమెతో పదేపదే చెప్పి ఉన్నాడు. ఆమె కొండవైపు కొంతసేపు చూసి, సంచి లోపల కాటా ఉన్నదో లేదో తడిమి చూసుకొన్నది.

రఫీక్ అంగడి హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు వెనుక వీధిలో ఉన్నది. రేకుల కప్పు కింద టైర్లు దండలుగా వేలాడుతున్నాయి. ఒక పక్క స్టూలుమీద అరవయ్యేళ్ళ మనిషి చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నది. ఆమె రఫీక్ తల్లి షంషాద్‌బీ. రఫీక్ సన్నని మనిషి, మోచేతుల దాకా నలుపు. చక్రాలను చూడగానే లేచి వచ్చాడు.

"ముందర దానికి మూడొందలు, ఎనక దానికి నాలుగొందల యాభై," అన్నాడు.

ఏడువందల యాభై. రత్నమ్మ ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. తెలిసినవాడికి పన్నెండు వందలు, తెలియనివాళ్ళకు ఏడువందల యాభై. తెలిసినవాళ్ళకు తగ్గించే అంగళ్ళను ఆమె చూసింది గాని, పెంచే అంగడిని ఎన్నడూ చూడలేదు.

"అంతేనా? చివర్లో ఇంకేమన్నా కలుపుతావా?"

"ఏం కలిపేదమ్మా? టైరు నీది, ట్యూబు నీది. కూలి నాది."

"మా ధర్మవరంలో మూడొందలకు రెండూ మారుస్తారు."

"మారుస్తారు, రోడ్డు బండివి. ఈ టైరు పక్కన నొక్కి చూడు."

రత్నమ్మ నొక్కింది. అది చెక్కలాగా ఉన్నది.

"దీనికి మూడు లివర్లేసి లాగల్ల. లోపల టైరు జారకుండా పట్టుకునే బిగింపు ఒకటి ఉండాది, దాన్ని తప్పించల్ల. లాగేటప్పుడు ట్యూబు నలిగి చిల్లి పడిందనుకో, కొత్త ట్యూబు నా దుడ్లతో ఏస్తా. ఆ పూచీ కూడా ఈ రేట్లోనే ఉండాది."

"చిల్లి పడినట్లు నాకెట్ల తెలుస్తాది?"

"నేను చెప్తా."

"చెప్పకపోతే?"

షంషాద్‌బీ తల ఎత్తింది. "ఏమక్కా, పోలీసోళ్ళ ఇంటి మనిషివా?"

"నూలు ఇచ్చేదాన్ని."

"సరిపాయె," అని ఆమె మళ్ళీ చిక్కుడుకాయలు అందుకొన్నది.

రఫీక్ వెనుక చక్రాన్ని పైకెత్తి, బొటనవేలితో తిప్పి, స్పోకులను ఒక్కొక్కటిగా తాకాడు. కావలసినదానికంటె ఎక్కువసేపే చూశాడు.

"ఇవి యాడివమ్మా?"

"తెలిసినోళ్ళవి."

అతడు ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం రత్నమ్మకు నచ్చలేదు. ఇక్కడే కూర్చుంటానన్నది. గంట పడుతుందని, టీ తాగి రమ్మని, ఎవరైనా చూస్తూ ఉంటే తనకు చెయ్యి ఆడదని రఫీక్ అన్నాడు. చక్రాలు రెండూ తీసుకొని గోనెపట్టా తెర వెనుకకు వెళ్ళిపోయాడు.

"చూసినావా," అన్నది రత్నమ్మ టీ అంగడిలో. "మనిషి కన్ను పడితే చెయ్యి ఆడదంట."

"నేను నేసేటప్పుడు నువ్వొచ్చి వెనకాల నిలబడితే నాకూ పోగు తెగుతాదక్కా," అన్నాడు శ్రీరాములు.

"అందుకే నిలబడేది."

గంటకు పావుగంట ముందే ఆమె లేచింది. వాళ్ళు అంగడి చేరేసరికి రఫీక్ తెర పక్కన నిలబడి, ఫోనులో గొంతు తగ్గించి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమెను చూసి, మళ్ళీ చేస్తానని చెప్పి, ఫోను జేబులో వేసుకొన్నాడు. చక్రాలు సిద్ధంగా ఉన్నాయి. పాత టైర్లు తాడుతో జతగా కట్టి ఉన్నాయి. ఇందాకటి చురుకుదనం మాత్రం అతనిలో లేదు. డబ్బు తీసుకొని, లెక్కపెట్టకుండానే సొరుగులో వేశాడు.

"ఇది తోలేటాయనకు జాగ్రత్తగా తోలమని చెప్పమ్మా."

"ఎందుకు?"

"ఊరికేనే."

ఊరికే ఇచ్చే సలహాలను రత్నమ్మ ఎన్నడూ నమ్మలేదు. స్టేషను చేరగానే సంచిలోనుండి కాటా తీసింది. శ్రీరాములు దానిని రెండు చేతులతో పైకెత్తి పట్టుకొన్నాడు. ప్లాట్‌ఫారంమీద చక్రాలు తూచే ఈ విడ్డూరాన్ని చూడడానికి నలుగురైదుగురు చేరారు. ఒకాయన కిలో ఎంతని అడిగాడు. ఆమె పట్టించుకోలేదు.

ముందు చక్రం లెక్క కుదిరింది. ఇక వెనుక చక్రం. పాత టైరు ఒక్కటే నాలుగు కిలోల మూడువందలు తూగింది. పొద్దుటి తూకంలోనుండి దానిని తీసివేసి కొత్త టైరును కలిపితే పద్నాలుగు కిలోల రెండువందల ఎనభై రావాలి. కాటా పదమూడు కిలోల తొమ్మిదివందల యాభై చూపించింది. ఆమె మళ్ళీ తూచింది. మళ్ళీ అంతే.

"మూడొందల ముప్పై గ్రాములు పోయింది."

"గాలి తక్కువ పట్టినాడేమో అక్కా."

"గాలికి అంత బరువుండదు."

ఆమెకు సర్వం అర్థమైపోయింది. టైరు కళ్ళకు కనిపించేది, దానిని మార్చలేడు. కనిపించనిది లోపలి ట్యూబు. ఈ బండికి దళసరి ట్యూబులు కావాలని, అవి బెంగళూరులో తప్ప దొరకవని, ఒక్కొక్కటి వెయ్యి పైమాటేనని సుధాకర్ చెప్పి తెప్పించాడు. ఆ దళసరిది తీసివేసి, పలచనిది పెట్టి ఉంటాడు. తెర వెనుకకు పోయినది అందుకే. తూకం తగ్గింది కనుక పేక ఎవరింటికో చేరినట్లే.

ధర్మవరం రైలు వస్తున్నదని మైకులో చెప్పారు. అది వచ్చి, నిలిచి, కదిలిపోయేవరకు ఆమె అక్కడే నిలబడి ఉన్నది. తరువాత ఆటో పిలిచింది.

రఫీక్ వేరొక బండి ముందు గొంతుకూర్చొని ఉన్నాడు. రత్నమ్మ వెనుక చక్రాన్ని అతని ముందు నిలబెట్టించింది.

"విప్పు."

"ఏమైందమ్మా?"

"లోపల ట్యూబు చూడల్ల. మూడొందల ముప్పై గ్రాములు తక్కువ ఉండాది."

రఫీక్ నోరు కాస్త తెరుచుకొన్నది. "చక్రాన్ని తూచినావా?"

"పోయే ముందర తూచినా, వచ్చినాక తూచినా."

అతని చూపు ఒక్క క్షణం గోనెపట్టా తెరవైపు వెళ్ళి వచ్చింది. ఆమె దానిని గమనించింది. అతడు నేలవైపు చూస్తూ, "ట్యూబు నీదేనమ్మా. తూకంలో ఏదో పొరపాటు జరిగింటాది," అన్నాడు.

"నా తూకం పొరపాటని చెప్పిన నేతగాళ్ళు ముగ్గురుండారప్పా. ఆ ముగ్గురూ ఇప్పుడు నా దగ్గర లేరు."

షంషాద్‌బీ చిక్కుడుకాయల చేట కింద పెట్టి లేచింది. తెర వెనుకకు వెళ్ళి, అరచేతికంటె పెద్దవైన నల్లని రబ్బరు ముక్కలు రెండు తెచ్చి రత్నమ్మ చేతిలో పెట్టింది.

"తూచుకో."

"అమ్మీ," అన్నాడు రఫీక్, "నేను మాటిచ్చినా."

"నువ్విచ్చినావు. నేనియ్యలేదు."

రత్నమ్మ ముక్కలను సంచిలో వేసి కొక్కేనికి తగిలించి, సంచి బరువు తీసివేసి చూసింది. మూడువందల ముప్పయి. పది గ్రాములు అటూ ఇటూ కూడా లేదు.

"ఇవి యాడివి?"

"నీ చక్రంలోవే. పాత టైరు లోపల చెయ్యి పెట్టి చూడు," అన్నది షంషాద్‌బీ.

శ్రీరాములు మోసుకొచ్చిన పాత టైరులో రత్నమ్మ చెయ్యి పెట్టింది. జానెడు పొడవున టైరు తెగి ఉన్నది. పైన ఎండిన మట్టి పట్టి ఉన్నందున బయటకు తెలియలేదు. లోపలి నుండి తోస్తే ఆ మట్టి రాలి, ఆమె వేళ్ళు మూడు బయటకు వచ్చాయి. అదే టైరును ఆమె స్టేషనులో కాటాకు తగిలించింది, అంకె చూసింది, దించింది. టైరును మాత్రం చూడలేదు.

"రాయికి కోసుకపోయుంటాది," షంషాద్‌బీ చెప్పింది. "కోసుకున్న చోట ఈ ముక్కలు అడ్డం పెట్టుకొని కొండ దిగినాడు, మళ్ళా ఎన్ని తూర్లు ఎక్కినాడో. ట్యూబు పగిలింటే నువ్వీడ ట్యూబు గురించి మాట్లాడుతా ఉండేదానివి కాదు. చెప్పక్కా, కొడుకు ముఖ్యమా, ట్యూబు ముఖ్యమా?"

"నా కొడుకని నీకెవరు చెప్పినారు?"

"ఈ చక్రానికి స్పోకులు బిగించింది మావాడే. చూడంగానే గుర్తుపట్టినాడు. లోపల ఇవి కనపడినాక సుధాకర్‌కు ఫోను చేసి తిట్టినాడు. వచ్చింది మా అమ్మే, చెప్పొద్దురా అన్నాడంట నీ కొడుకు."

రత్నమ్మ రఫీక్‌వైపు తిరిగింది. అడగవలసిన మాట ఇంకొకటి ఉన్నది. దానికి రాబోయే జవాబు ఆమెకు ఇష్టం కాదు. అయినా అడిగింది.

"వాడి దగ్గర తూరికి పన్నెండొందలు తీసుకున్నావా, లేదా?"

"తీసుకున్నా."

"నాకు ఏడొందల యాభై, వాడికి పన్నెండొందలా?"

రఫీక్ తల్లివైపు చూశాడు. ఇక దాచడానికి ఏమీ మిగలలేదని ఆమె ముఖమే చెప్పింది.

"టైర్లకు ఎవరికైనా ఏడొందల యాభైయేనమ్మా. తక్కిన నాలుగొందల యాభై వంగిన రిమ్ము సరిచేసినందుకు."

"ఎన్ని తూర్లు?"

"మూడు తూర్లు."

"రిమ్ము ఊరికే వంగుతాదా?"

"వంగదమ్మా."

రత్నమ్మ షంషాద్‌బీ ఖాళీ చేసిన స్టూలుమీద కూర్చున్నది. దొంగ అనుకొన్నవాడి లెక్క గ్రాముతో సహా సరిపోయింది. నడిచేంత నిదానంగా తోలుతానని, తన ఎదుట కూర్చొని, తాను వడ్డించిన ముద్ద తింటూ చెప్పినవాడిదే తప్పింది. అయితే ఈ రఫీక్ కూడా ఇందాక నేల చూస్తూ, తన తూకమే పొరపాటన్నాడు కదా. మాట కోసం అబద్ధం ఆడగలిగినవాడు, డబ్బు కోసం ఆడడని పూచీ ఏమిటి?

"ఒక మాట అడుగుతా," అన్నది. "నా డబ్బుతో అంగడి పెట్టినాక, వాడు మళ్ళా పడితే నాకు చెప్తావా?"

రఫీక్ పాత గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకొన్నాడు.

"చెప్పనమ్మా."

షంషాద్‌బీ నాలుక చప్పరించింది. "పోయె ఆరు లక్షలు."

"చెప్పొద్దని వాడు అడుగుతాడు, నేను సరే అంటా," అన్నాడు రఫీక్. "నాకు తెలుసు కదా నా సంగతి. చెప్తానని ఇప్పుడు నీకు మాటిచ్చి, అప్పుడు తప్పేది ఎందుకు?"

చెప్తానని ఉంటే ఆమె లేచి వెళ్ళిపోయేదే. అడిగిన వెంటనే అన్నిటికీ సరేనన్న నేతగాళ్ళను ఆమె చాలామందిని చూసింది. ఇతడు ఆరు లక్షలు ఎదుట పెట్టుకొని కూడా లేదన్నాడు. ఆమెకు అప్పుడు కూడా పూర్తి నమ్మకం కలగలేదు. కాని ఇతడిని ఎక్కడ నమ్మవచ్చునో, ఎక్కడ నమ్మకూడదో ఆమెకు తెలిసింది. నూలు ఇవ్వడానికి ఆమెకు ఎప్పుడూ అంతకుమించి అవసరపడలేదు.

"అయితే నువ్వు నాకేమీ చెప్పొద్దు. వాడి బండికి పని చేసినప్పుడల్లా ఒక చీటీ రాయి. టైరు మార్చినందుకు ఇంత, రిమ్ము సరిచేసినందుకు ఇంత, వేరేవేరేగా రాయల్ల. ఆ దుడ్డు నేనిస్తా. చీటీ లేకుంటే రూపాయి ఇయ్యను."

రఫీక్ ఆలోచించాడు. "అది చెప్పినట్లే కదమ్మా."

"చెప్పినట్లెట్లయితాది? బిల్లు రాసినట్లు. ఏ అంగట్లోనైనా రాసేదే కదా."

"వాడిని అడగల్ల."

"అడుగు. ఈడ్నే, నా ముందర."

రఫీక్ ఫోను చేసి, గొంతు అందరికీ వినిపించేటట్లు పెట్టాడు.

"ఏమైందిరా, మా అమ్మ పోయిందా?" అన్నది సుధాకర్ గొంతు.

"పోలేదు," అన్నది రత్నమ్మ.

వెనుక బెంగళూరు రోడ్డుమీది హారన్లు వినిపిస్తున్నాయి.

"అమ్మా, అది, ఆ రోజు రాయి కనపడలేదు..."

"అది ఇంటికొచ్చినాక మాట్లాడుకుందాం నాయనా. ఇప్పుడు ఒకటే మాట." చీటీల సంగతి ఆమె మళ్ళీ మొదటినుండి చెప్పింది. "నువ్వు సరే అంటే రేపు అడ్వాన్సు. లేదంటే ఆ డబ్బుకు నూలు కొంటా."

"నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా, చీటీ రాసి పంపించేకి?"

"చిన్నపిల్లోడివైతే చీటీ ఎందుకు? మోకాళ్ళు చూస్తే తెలిసేది."

శ్రీరాములు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకొన్నాడు.

"సరేలే."

"సరేలే అంటే?"

"రాయమను."

"తలకు పెట్టుకునే దానికి కూడా ఏదన్నా దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా."

ఆమె రఫీక్ ముఖం చూసింది. అతడు, లేదన్నట్లు, తల అడ్డంగా ఆడించాడు. అది అడగకుండానే ఇచ్చిన జవాబు కనుక ఆమె స్వీకరించింది.

చక్రాలను అక్కడే విడిచిపెట్టింది. సుధాకర్ మరునాడు బెంగళూరు నుండి వస్తూ హిందూపురంలో దిగి తీసుకొనిపోతాడు. షంషాద్‌బీ అన్నం తిని పొమ్మన్నది. ఇంకొకసారి వస్తానని రత్నమ్మ చెప్పింది. ఇంకొకసారి అనేది లాంఛనం కాదని, వచ్చే వారమే వచ్చి అంగడి ఎలా నడుస్తున్నదో చూస్తానని కూడా చెప్పింది.

"రా అక్కా. ఈ తూరి చిక్కుడుకాయలు కూడా తూచుకో," అన్నది షంషాద్‌బీ.

రైలు పోయినందున ఎక్కిన బస్సు పెనుకొండ చేరేసరికి మూడు గంటలు. శ్రీరాములు కునుకుతున్నాడు. రత్నమ్మ అతడిని తట్టి లేపి, దిగమన్నది. అడ్వాన్సు కట్టవలసిన గదిని ఆమె ఇంతవరకు చూడలేదు. అది కొండకు పోయే దారిలో ఉన్నది. యజమానురాలు నరసక్క తాళాలు తెచ్చి ఇచ్చింది. రత్నమ్మ షట్టరును రెండుసార్లు ఎత్తి, రెండుసార్లు దించింది. చెంబెడు నీళ్ళు అడిగి నేలమీద పోసి, అవి ఎటు పోతాయో చూసింది. వాన వస్తే కొండమీది నీళ్ళు ఏ దిక్కున దిగుతాయని అడిగింది. మీటరు ఎవరి పేరున ఉన్నదని అడిగింది. నరసక్క అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పింది.

"మాకు ముందర ఈడ ఎవరుండ్రి?"

"ఒక హోటలాయన ఉండె."

"ఎందుకు ఖాళీ చేసినాడు?"

నరసక్క తాళంచెవుల గుత్తిని ఈ చేతిలోనుండి ఆ చేతిలోకి మార్చుకొని, కొంచెం ఆలోచించి, వాళ్ళ ఊరికి పోయినాడని చెప్పింది.

ఆ ఆలోచించిన కొంచెంసేపు రత్నమ్మకు నచ్చలేదు. అడ్వాన్సులో అయిదువేలు తగ్గించమన్నది. శ్రీరాములు తువ్వాలు పరచి గడపమీద కూర్చున్నాడు. ఇప్పట్లో లేచేది లేదని అతనికి తెలుసు.